అక్క అక్క అని రాసే వైరస్

కంప్యూటరు నెమ్మదించిందా, మొత్తం తుడిచేసి సిస్టమ్ మళ్ళీ మొదట్నుంచీ ఎక్కించెయ్. ఇరవై తొమ్మిదేళ్ళ సర్కారు నౌకరీలో నేను నేర్చుకున్న విద్యంతా ఇంతే. పుదుచ్చేరిలో ఒక ప్రభుత్వ శాఖ కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు మా కుర్చీల్లో కూర్చున్న పిల్లలు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, మీ అనుభవంలోంచి ఏదైనా చెప్పండి" అంటారు. మర్యాదకి అడుగుతారని నాకు తెలుసు. అయినా చెబుతాను, ఎందుకంటే నా అనుభవంలో చెప్పుకోవలసింది ఒక్కటే ఉంది. డెబ్బై దాటిన ఒక పెద్దావిడ మూడేళ్ళపాటు ఒంటి వేలితో కొట్టి దాచుకున్న రాతని, ఆవిడ పక్కగదిలో ఉండగానే, మా సెక్షన్ వాళ్ళం ముగ్గురం సంతకాలు పెట్టి మరీ తుడిచేశాం.

మీరు కొత్తగా చేరినవాళ్ళైతే మా శాఖలో ఎక్కడా రాసి లేని ఒక నియమం మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. పైఅధికారి ఇంట్లో ఉన్న కంప్యూటరు కూడా ఆఫీసు కంప్యూటరే. ఆఫీసులో ప్రింటరు మూడు నెలలు మూలన పడి ఉన్నా అడిగేవాడుండడు. డైరెక్టరుగారి ఇంట్లో మౌసు కదలకపోతే మాత్రం సెక్షన్ అంతా కదలాలి. అప్పటి డైరెక్టరుగారిది మూలకుళంలో ఇల్లు. ఆ ఇంటి కంప్యూటరు నెమ్మదిగా నడుస్తోందని ఆయన రెండేళ్ళుగా చెబుతున్నారు, మేము రెండేళ్ళుగా మనిషిని పంపుతున్నాం.

నిజానికి ఆ కంప్యూటరుకి పుట్టుకతో వచ్చిన జబ్బేమీ లేదు. వైద్యులు వెళ్ళాకే జబ్బు మొదలైంది. మొదట వెళ్ళినవాడు ఒక యాంటీవైరస్ వేసి వచ్చాడు. రెండోవాడు, అది పనికిరాదని చెప్పి, దాన్ని తీయకుండానే ఇంకొకటి వేశాడు. మూడోది వేసింది నేను. మూడు కాపలాకుక్కలు ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతుంటే ఆ ఇంట్లో పని జరిగేదెలా. చివరికి ఒకరోజు మీటింగులో డైరెక్టరుగారు అందరి ముందూ అన్నారు: "బటన్ నొక్కి, స్నానం చేసి, టిఫిన్ తిని వచ్చినా అది ఇంకా లేస్తూనే ఉంటుందయ్యా. మీరు ముగ్గురు మనుషులు జీతం తీసుకుంటున్నారు కదా."

మా సెక్షన్ పెద్దకి ముఖం మాడిపోయింది. ఆయన హోదా సీనియర్ ప్రోగ్రామరు. ప్రోగ్రాం రాయగా చూసినవాళ్ళెవరూ లేరు గానీ నోటు రాయడంలో మాత్రం ఆయన్ని మించినవాడు శాఖలోనే లేడు. ఏ పనైనా కాగితం మీద సంతకం పడితే అయినట్టే, పడకపోతే జరిగినా జరగనట్టే అని గట్టి నమ్మకం. మీటింగు నుంచి వచ్చి, "ఆదివారం ముగ్గురం వెళ్దాం. ఫార్మాట్" అన్నారు. ఆ మాట ఆయన నోట ఆపరేషన్ అన్నంత గంభీరంగా వచ్చింది.

ముగ్గురిలో రెండోవాడు మా తమిళ సహోద్యోగి. ఆఫీసులో అందరూ పండితుడు అనేవాళ్ళు. శాఖ నుంచి ఏ తమిళ సర్క్యులరు బయటికి వెళ్ళినా ఆయన కంటి కింద నుంచి వెళ్ళవలసిందే. కాగితం చేతికిస్తే పెదవి కదలకుండా రెండు పంక్తులు చూసి, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపేవాడు. పెదవులు కదిపి చదివేవాళ్ళంటే ఆయనకి చిన్నచూపు. పోతే నేను. మాది యానాం. రెండేళ్ళలో బదిలీ చేయించుకుని వెళ్ళిపోతానని వచ్చి, ఇక్కడే తల పండించుకున్నాను. తమిళం గడగడా మాట్లాడతాను. చదవడం మాత్రం నేర్చుకోలేదు. బస్సు బోర్డులు కూడా బొమ్మల్లాగే గుర్తుపట్టేవాణ్ణి. రేపు బదిలీ అయిపోయేవాడికి అక్షరాలెందుకని మొదట్లో అనుకున్నాను, తర్వాత సిగ్గేసి ఎవరినీ అడగలేదు.

ఆ ఆదివారం పొద్దున డైరెక్టరుగారు తలుపు తీసి, కంప్యూటరు ఉన్న గది చూపించి, "నాకు పెళ్ళి ఉంది, వెళ్ళాలి. అమ్మ ఇంట్లోనే ఉంటుంది. పాటలూ ఫొటోలూ పోకూడదు, మిగతాది మీ ఇష్టం" అని భార్యతో సహా వెళ్ళిపోయారు. మేము బల్ల చుట్టూ చేరగానే ఆయన తల్లి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. సన్నగా, నిటారుగా, ముక్కుకి రెండువైపులా రాళ్ళ ముక్కుపుడకలతో ఉన్నారు.

"నీలో తెలుగోడు ఎవురు?" అన్నారు, మా ముగ్గురినీ కలిపి ఒకరిగా లెక్కేసి.

"నేనేనమ్మా."

"యాడ నాయనా మీది?"

"యానాం అమ్మా."

"అట్లనా. మాది ఈ ఊరే. మావోళ్ళు ఎప్పుడొచ్చినారో యాడినించి వచ్చినారో తెలీదు. ఇంట్లో మాత్రం తెలుగే." ఒక అడుగు లోపలికి వేసి గొంతు తగ్గించారు. "ఆ పెట్టిలో నా రాతలుండాయి నాయనా. అవి పోగూడదు."

"ఏం రాతలమ్మా?"

"మా యమ్మ గురించి. నాకి రెండేండ్లప్పుడే మా యమ్మ పోయింది. మొగం గూడా తెలీదు, ఒక పటం గూడా లేదు. మా యక్కకి అప్పుటికి పదమూడు. అక్కే నన్ను సాకింది. అమ్మ ఎట్ల నవ్వేది, ఏం వండేది, ఎవురితో తగువుకి పొయ్యేది, అంతా అక్క ఒక్కదానికే తెలుసు. అది అరియాంకుప్పంలో ఉండె. దినామూ మద్యాన్నం ఫోన్ చేసి చెప్తాది, నేను ఈడ కూసోని కొడతా. మూడేండ్లు కొట్టినా. మొన్న ఆడి నెలలో అక్క గూడా పాయె. ఇంగ చెప్పేదానికి ఎవురూ లేరు. అందుకే నీకి చెప్తా ఉండా, పదిలం."

"తెలుగులోనే రాశారా అమ్మా?"

"తెలుగే. అక్క నోట్లోంచి ఎట్లొస్తే అట్ల. ఒక్క మాట మార్చలే."

"మీరేం దిగులు పడకండి" అన్నాను. కావలసిన వివరమంతా దొరికిందనుకున్నాను. ఆవిడ కాఫీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళారు.

తెలుగు అక్షరాల కోసం కంప్యూటరంతా గాలించాను. ఆ విషయంలో నన్ను తప్పుపట్టడానికి లేదు. నాలుగైదు రకాలుగా వెతికాను. డైరెక్టరుగారి సన్మానం ఫొటోలు కనిపించాయి, అదే ఫొటో ఏడు కాపీలు. సినిమా పాటలు వేలల్లో కనిపించాయి. తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. నాకు నేనే ఒక నిర్ణయానికి వచ్చేశాను: పాపం పెద్దావిడ, కొట్టి ఉంటారు, సేవ్ చేయడం తెలిసి ఉండదు. ఆ "పాపం" గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. పెద్దవాళ్ళకి కంప్యూటరు రాదన్నది మా వృత్తిలో అందరం పుచ్చుకున్న మంత్రం. ఆ మంత్రం పనిచేసినప్పుడల్లా మన తప్పు వాళ్ళ తప్పైపోతుంది.

ఆ తర్వాత నేను బల్ల కిందికి దూరి, పెట్టె మూత విప్పి దుమ్ము దులుపుతున్నాను. పైన పండితుడు కుర్చీలో కూర్చుని మిగిలిన ఫోల్డర్లు తెరిచి చూస్తున్నాడు. మేము ముగ్గురం మాట్లాడుకునేది తమిళంలోనే.

"ఇక్కడేదో చెత్త ఉంది" అన్నాడు పండితుడు.

"ఎలాంటి చెత్త?" అన్నాను కింద నుంచి.

"రెండు వందల ఫైళ్ళుంటాయి. పేర్లు లేవు, ఉత్త అంకెలు. తెరిస్తే తమిళ అక్షరాలే. కానీ తమిళం కాదు. ఏ పదానికీ అర్థం లేదు." ఇంకో ఫైలు తెరిచాడు. "ఒక్క అక్క అన్న మాట తప్ప. పంక్తి పంక్తికీ అక్క, అక్క, అక్క. మనిషన్నవాడు ఇలా రాయడు."

"మరి?" అన్నారు సెక్షన్ పెద్ద.

"వైరస్. రాసినవాడెవడో అక్కచాటు తమ్ముడిలా ఉన్నాడు."

పెద్ద నవ్వారు. నేనూ నవ్వాను, బల్ల కింద దుమ్ములో కూర్చుని. పండితుడు అలవాటుగా పెదవులు మూసుకునే చదివాడు. ఒక్క పంక్తి పైకి చదివి ఉంటే నేను తలెత్తి బల్లకి కొట్టుకునేవాణ్ణి, అంతటితో అయిపోయేది. అక్షరాలు తెలిసినవాడికి భాష తెలియదు, భాష తెలిసినవాడు బల్ల కింద ఉన్నాడు.

పెద్దకి మాత్రం చిన్న జంకు కలిగింది. రేపెప్పుడైనా డైరెక్టరుగారు అడిగితే? ఆయన సంచిలోంచి నోటు పుస్తకం తీశారు. ఆదివారం, ఇంకొకరి ఇంట్లో, నోటు పుస్తకం వెంట ఉండే మనిషి ఆయన. నిలబడే రాశారు: సదరు యంత్రంలో లభించిన అర్థరహితమైన ఫైళ్ళను భాషా నిపుణుడిచే పరిశీలింపజేసి, వైరస్ కారణంగా ఏర్పడినవిగా ధ్రువీకరించి, తొలగించుటకు నిర్ణయించడమైనది. పండితుడు భాషా నిపుణుడని చూసుకుని ముచ్చటగా సంతకం చేశాడు. పెద్దా చేశారు. నాకు కాగితం బల్ల కిందికే అందించారు. దుమ్ము చేత్తో సంతకం పెట్టాను, బొటనవేలి ముద్ర కూడా పక్కనే పడింది.

పెద్దావిడ కాఫీ గ్లాసులు తెచ్చి ఇచ్చారు. "నావి ఉండాయా నాయనా?" అని అడిగారు.

"ఉన్నవన్నీ తీసి భద్రంగా పెట్టామమ్మా" అన్నాను. ఉన్నవన్నీ. ఆఫీసు జవాబంటే అలా ఉండాలి, రేపు ఎవరూ తప్పు పట్టలేరు.

"నీకి పున్నెం నాయనా" అని ఆవిడ వెళ్ళిపోయారు. నేను తుడిచేశాను. కాఫీ చల్లారేలోపు అయిపోయింది. తర్వాత సిస్టమ్ కొత్తగా ఎక్కించి, పాటలన్నీ, సన్మానాల ఫొటోలన్నీ ఒక్కటి కూడా తగ్గకుండా వెనక్కి పోశాను. ఏడు కాపీల ఫొటో ఏడు కాపీలూ పోశాను.

సోమవారం మీటింగులో డైరెక్టరుగారు మా సెక్షన్‌ని మెచ్చుకున్నారు. బటన్ నొక్కితే అరనిమిషంలో లేస్తోందట. చప్పట్లు కొట్టారు. పెద్ద లేచి నిలబడి, ఇది ఒకరి గొప్ప కాదు, సమష్టి కృషి అన్నారు. ఆ ఒక్కటి మాత్రం నిజమే చెప్పారు.

బుధవారం సాయంత్రం డైరెక్టరుగారు నన్ను ఒక్కణ్ణే గదిలోకి పిలిచారు. కోపంగా లేరు, అదే నన్ను భయపెట్టింది. "అమ్మ నిన్నట్నుంచి అన్నం తినడం లేదు. ఏవో ఫైళ్ళు పోయాయంటుంది. అమ్మ రాస్తుందని నాకే తెలియదు. ఒకసారి వెళ్ళి చూడు" అన్నారు.

వెళ్ళేసరికి ఆవిడ కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. కీబోర్డు మీద అక్షరం అక్షరానికీ చిన్న కాగితం చీటీ అంటించి ఉంది, దాని మీద తమిళ అక్షరం. చెన్నైలో చదువుకుంటున్న మనవరాలు అంటించిందట. ఆదివారం నేను ఆ చీటీలు ఊడిపోకుండా ఎంతో జాగ్రత్తగా దుమ్ము తుడిచాను. ఎందుకున్నాయో మాత్రం ఆలోచించలేదు.

"నావి యాడ పాయె నాయనా?"

"తెలుగులో ఏమీ కనిపించలేదమ్మా."

"తెలుగులోనే గదా రాసినా."

"ఒక్క తెలుగు అక్షరం కూడా లేదమ్మా అందులో."

ఆవిడ నన్ను వింతగా చూశారు. "తెలుగు అచ్చరాలు నాకి యాడొచ్చు? మా ఇంట్లో ఎవురికీ రావు. బళ్ళో చదివిండేది అరవం. తెలుగు రాయాలంటే అరవ అచ్చరాల్లోనే రాసుకుంటాము. మా నాయన జాబులు రాసినా అట్లే, అక్క నాకి పలకమింద నేర్పినా అట్లే. మీ ఊర్లో ఇంగోమాదిరి రాస్తారా?"

పండితుడు చెత్తన్న ఫైళ్ళు అప్పుడు గుర్తొచ్చాయి. అక్క, అక్క, అక్క. మూడేళ్ళుగా అక్క ఇట్లా చెప్పింది, అక్క అట్లా చెప్పింది అని రాస్తే పంక్తి పంక్తికీ అక్క రాక ఏమొస్తుంది. ఆ ఊళ్ళో పాతికేళ్ళకి పైగా బతికాను. వీధి చివర కొట్టువాళ్ళు తెలుగువాళ్ళు, మా ఇంటి యజమాని తెలుగువాడు. వాళ్ళతో రోజూ మాట్లాడాను. వాళ్ళు ఎలా రాసుకుంటారని ఒక్కనాడూ అనుకోలేదు. ఆవిడకి జరిగింది జరిగినట్టు చెప్పాను. కాగితం సంగతి, సంతకాల సంగతి కూడా చెప్పాను. ఆవిడ తిట్టలేదు. "సరేలే, పో నాయనా" అని లేచి లోపలికి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఆ కంప్యూటరు డిస్కు విప్పి ఆఫీసుకి తెచ్చాను. ఈ వృత్తిలో లేనివాళ్ళ కోసం ఒక్క మాట. డిస్కులో తుడిచేసింది వెంటనే పోదు. దాని పేరు కొట్టేసి, ఆ చోటు ఖాళీ అని రాసుకుంటుందంతే. మళ్ళీ ఆ చోట ఇంకొకటి పెట్టేదాకా పాతది అక్కడే ఉంటుంది, తవ్వితే దొరుకుతుంది. నేను ఊరికే ఉండకుండా వేల సినిమా పాటలు తెచ్చి సరిగ్గా ఆ చోట పోశాను. ఆవిడ తల్లి నవ్వు ఎలా ఉండేదో రాసిన చోట ఇప్పుడు ఏ పెళ్ళి పాటో ఉంది.

సెక్షన్ పెద్ద ఈ తవ్వకానికి ఒప్పుకోలేదు. "వైరస్ అని ధ్రువీకరించాం. ఇప్పుడు వెతికితే ధ్రువీకరణ తప్పని మనమే రాసిచ్చినట్టు కాదా?" అన్నారు. రాతపూర్వకంగా వద్దనండి, మానేస్తానన్నాను. అన్నేళ్ళలో ఆయనకి నేను ఎదురు చెప్పింది అదొక్కసారే. ఆయన కాసేపు ఆలోచించి, భోజనాల వేళలో ఎవరేం చేసుకున్నా తనకి సంబంధం లేదన్నారు.

పండితుడికి విషయం చెబితే మొదట మండిపడ్డాడు. "తెలుగైతే తెలుగులో రాయాలి. ఒకరి అక్షరాల్లో ఇంకొకరి భాష రాస్తే నిపుణుడేం చేస్తాడు?" అన్నాడు. మర్నాడు భోజనాల వేళకి కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. దొరికిన మొదటి తునకని తెర మీద తెరిచి, జీవితంలో మొదటిసారి పెదవులు కదిపి పైకి చదివాడు. ఆయన గొంతు రేడియోలో వార్తలు చదివేవాళ్ళ గొంతులా ఉంటుంది. ఆ గొంతుతో, ఒక్క ముక్క అర్థం కాకుండా, ఎంతో గౌరవంగా చదివాడు:

"అక్క ఇయ్యాల గూడా నా కమ్మల మాట ఎత్తింది. తిరిగి ఇచ్చేసినానంట. యాడిచ్చింది. నోరు తెరిస్తే అబద్దం. ఈ వయసుకి గూడా బుద్ధి రాలే దానికి."

నేను నోట్లో ముద్ద పెట్టుకోవడం మరిచిపోయాను.

"తల్లి గురించేనా?" అని ఆత్రంగా అడిగాడు పండితుడు.

"కాదు. అక్క మీద కోపం."

"సరే, తర్వాతది చూద్దాం."

తర్వాతది ఇంకా ఘోరం. అక్క కోడలికి చీర పెట్టి తనకి పెట్టలేదని. ఆ తర్వాతది, ఫోన్లో అక్క దగ్గుతూ దగ్గుతూ తన మాట వినకుండా పెట్టేసిందని, దాని పొగరు చచ్చినా అణగదని. రెండు వారాలు ఇదే మా మధ్యాహ్న భోజనం. ఆయన శాసనం చదివినట్టు తిట్లు చదవడం, నేను తలదించుకుని వినడం. తిట్టు ఎంత గట్టిదైతే ఆయన అంత నొక్కి పలికేవాడు, ఏదో ముఖ్యమైన మాటనుకుని. కొన్నిచోట్ల నవ్వాపుకోలేకపోయాను, ఆపుకోలేనందుకు నా మీద నాకే అసహ్యమేసింది. చివరికి పదమూడు పేజీలు తేలాయి. పదమూడూ తిట్లే. ఒక పేజీ చివర మాత్రం ఇలా ఉంది: అమ్మ ఉయ్యాల ఊపతా పాడే పాట అక్క ఈ పూట పాడి చూపించింది, అది ఇంగో దాంట్లో రాసినా. ఆ ఇంకోదాని కోసం ఇంకో వారం తవ్వాం. దొరకలేదు.

మళ్ళీ ఒక ఆదివారం, ఇద్దరం మూలకుళం వెళ్ళాం. డిస్కు బిగించి బటన్ నొక్కితే కంప్యూటరు లేవడానికి చాలాసేపు పట్టింది. నేను డిస్కు తవ్వుతుంటేనే పెద్ద ముందుజాగ్రత్తగా అందులోకి రెండు యాంటీవైరస్‌లు వేయించారు.

"ఏంది, మళ్ళీ పాత మాదిరే అయింది" అన్నారు పెద్దావిడ. ఆ కొద్ది రోజుల్లోనే చిక్కిపోయారు. "దొరికిందా నాయనా?"

"కొంచెం దొరికిందమ్మా" అన్నాను. ఏం దొరికిందో చెప్పే ధైర్యం లేకపోయింది.

ఆవిడ కళ్ళద్దాలు తీసుకోబోతే పండితుడు అడ్డుపడ్డాడు. ఆ రోజు పైకి చదవకుండా వదిలేసింది తనే కాబట్టి తనే చదువుతానన్నాడు. చదివాడు. ఆవిడ మొదట ఆయన ఉచ్చారణకి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. రెండో పేజీకి నవ్వు ఆగింది. మూడో పేజీ సగంలో చెయ్యెత్తి ఆపమన్నారు.

"ఇది అక్క చెప్పింది గాదు" అన్నారు నాతో. "ఇది నేను అక్కని తిట్టుకునింది. ఫోన్ పెట్టేసినాక వొళ్ళు మండితే సుమ్మా, ఊరికే కొట్టేదాన్ని. కొట్టినాక నిద్ర పట్టేది. అమ్మది ఏదీ?"

"లేదమ్మా."

"ఒకటి గూడా?"

"ఒక్కటి కూడా లేదమ్మా. మేమే పోగొట్టాం."

పండితుడికి మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. లేచి నిలబడి చేతులు జోడించి, "చదవడం వచ్చనుకున్నానమ్మా, మన్నించండి" అన్నాడు తమిళంలో. ఆవిడ ఆయన్ని కూర్చోమని సైగ చేశారు. వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

"తుడిచేయి నాయనా" అన్నారు చివరికి. "మంచిదంతా పోయి ఇది మిగిలితే, రేపు నా మనవరాలు చూసి, అవ్వకి అక్కంటే పగ అనుకుంటాది. తుడిచేయి."

పదమూడూ ఒక్కసారిగా పట్టి, తుడిచే మీట నొక్కాను. తెర మధ్యలో చిన్న పెట్టె లేచింది.

"ఏమంటాది అది?" అన్నారు ఆవిడ. ఇంగ్లీషు ఆవిడకి రాదు.

"నిజంగానే తుడిచేయాలా అని అడుగుతోందమ్మా. తుడిచేస్తే మళ్ళీ రావంటోంది."

"అది అడుగుతాదా?"

"అడుగుతుందమ్మా."

"ఆ పొద్దు గూడా అడిగిందా?"

"అడిగింది."

"సరే అని ఎవురు చెప్పినారు?"

"నేనేనమ్మా."

ఆవిడ నా వైపు చూడలేదు. ఆ పెట్టెనే చూస్తూ కూర్చున్నారు. నా వేలు మీట మీదే ఉంది, తీయడానికి గానీ నొక్కడానికి గానీ నాకు చేతకాలేదు.

"వద్దని చెప్పు దానికి" అన్నారు. "తిట్టిండేదన్నా ఉండనీ. తిట్టేటప్పుడు అక్క ఉండె గదా."

వద్దని నొక్కాను. పెట్టె మాయమైంది, పదమూడు పేజీలు అక్కడే ఉన్నాయి. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నారు.

"మొదట్నించీ ఇంగోసారి చదవమను ఆయన్ని."